బదిలీ మీద ఇల్లు మారినప్పుడు అయ్యే ఖర్చుకు ఆదాయపు పన్నులో ఊరట ఎంతవరకు?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పి, తరువాత సమాధానంలోకి వస్తాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్న మిమ్మల్ని 2025 నవంబరులో అదే సంస్థ పుణె కార్యాలయానికి బదిలీ చేసింది. రీలొకేషన్ అలవెన్స్ పేరుతో 1,20,000 రూపాయలు ఆ నెల జీతంతో కలిపి వేసి, మొత్తం మీదా టీడీఎస్ (జీతం ఇచ్చే ముందే పట్టుకునే పన్ను) కోసింది. సామాన్లు తరలించిన ప్యాకర్లకు 74,000, కుటుంబంలోని నలుగురి ప్రయాణానికి 18,000, పుణెలో ఇల్లు చూపించిన బ్రోకరుకు 32,000, పిల్లల బడి ప్రవేశ రుసుముకు 45,000, అన్నీ కలిపి 1,69,000 రూపాయలు మీకు ఖర్చయ్యాయి. సంస్థ ఇచ్చినదానికంటే ఎక్కువే ఖర్చయింది కనుక ఆ 1,20,000 మీద పన్ను ఉండకూడదు కదా అన్నది మీ మొదటి ప్రశ్న. చేతినుంచి పెట్టుకున్న మిగతా 49,000 రూపాయలను రిటర్నులో తగ్గించి చూపవచ్చా అన్నది రెండవది. మీరు కొత్త పన్ను విధానంలో ఉన్నారు, వార్షిక జీతం సుమారు 18.5 లక్షలు అని కూడా రాశారు.

రెండవ ప్రశ్నకు సమాధానం సూటిగా చెప్పగలిగినది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. చూపకూడదు. మన దేశపు ఆదాయపు పన్ను చట్టంలో జీతగాడు తన సొంత డబ్బుతో ఇల్లు మారినందుకు తగ్గింపు ఇచ్చే సెక్షన్ ఒక్కటి కూడా లేదు. జీతం అనే శీర్షిక కింద ఏమేమి తగ్గించుకోవచ్చో 1961 నాటి చట్టంలోని సెక్షన్ 16 చెబుతుంది. అందులో ఉన్నవి ప్రామాణిక తగ్గింపు, ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రమే వర్తించే వినోద భత్యం, వృత్తి పన్ను, అంతే. కొత్త విధానంలో ఉన్న మీకు వీటిలో మిగిలేది 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు ఒక్కటే. పొదుపు, బీమా వంటి తగ్గింపులుండే సెక్షన్ 80 వరుసలో ఎక్కడ వెతికినా తరలింపు ఖర్చు కనిపించదు.

మీ మొదటి ప్రశ్నకు మాత్రం సగానికి మించి మీకు అనుకూలమైన సమాధానమే ఉంది. అది అర్థం కావాలంటే ఒక మాట దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో మనం డిడక్షన్‌నూ ఎగ్జెంప్షన్‌నూ కూడా ‘మినహాయింపు’ అనే అంటాం, పత్రికలూ అలాగే రాస్తాయి. చట్టం దృష్టిలో ఈ రెండూ వేరు. మొదటిది, వచ్చిన ఆదాయంలోంచి మీరు పెట్టిన ఖర్చునో పొదుపునో తీసివేయడం. రెండవది, వచ్చిన డబ్బులో కొంత భాగాన్ని అసలు ఆదాయంగానే లెక్కించకపోవడం. ఇల్లు మారడం విషయంలో మన చట్టం ఇచ్చింది రెండవది మాత్రమే. అంటే యజమాని బదిలీ కోసమని ప్రత్యేకంగా ఇచ్చిన సొమ్ము ఒకటి ఉండాలి, అప్పుడే దానిలోంచి మినహాయింపు పుడుతుంది. యజమాని ఏమీ ఇవ్వకపోతే మీరు లక్ష ఖర్చు పెట్టినా, నాలుగు లక్షలు పెట్టినా మినహాయించడానికి ఏమీ ఉండదు. మీ 49,000 రూపాయలకు దారి లేకపోవడానికి కారణం ఇదే.

ఇక ఆ మినహాయింపు ఎక్కడ ఉందో చూద్దాం. సెక్షన్ 10లోని 14వ క్లాజు మొదటి ఉపవిభాగం, ఉద్యోగ విధుల నిర్వహణ కోసం ప్రత్యేకంగా ఇచ్చిన భత్యాలను, ఆ పనికి నిజంగా ఖర్చయిన మేరకు, ఆదాయంలో కలపనవసరం లేదని చెబుతుంది. ఆ భత్యాలు ఏవో ఆదాయపు పన్ను నిబంధనల్లోని 2బీబీ నిబంధన పేర్కొంటుంది. అందులో మొట్టమొదటిదే పర్యటన మీదగాని బదిలీ మీదగాని అయ్యే ప్రయాణ ఖర్చు కోసం ఇచ్చే భత్యం. దాని కింద ఉన్న వివరణ, బదిలీ సందర్భంగా సొంత సామాన్లను కట్టించి తరలించడానికి ఇచ్చిన సొమ్ము కూడా ఈ భత్యంలో భాగమేనని స్పష్టం చేస్తుంది. మీ ప్యాకర్ల బిల్లుకు ఆధారం ఆ వివరణ, కుటుంబంతో సహా కొత్త ఊరు చేరిన టికెట్లకు ఆధారం అసలు వాక్యం. ప్రయాణంలో ఉన్న రోజుల దైనందిన ఖర్చుకు యజమాని విడిగా భత్యం ఇస్తే, దానికీ అదే నిబంధనలో పక్కనే చోటుంది.

కొత్త విధానంలో భత్యాల మినహాయింపులన్నీ పోయాయన్న నమ్మకం చాలామందిలో ఉంది. జీతాల లెక్కలు చూసే విభాగాల్లోనే ఈ మాట అనేవారిని నేను కలిశాను. ఇంటి అద్దె భత్యం, సెలవు ప్రయాణ భత్యం వంటివి పోయిన మాట నిజమే. అయితే 115బీఏసీ సెక్షన్ కింద కొత్త విధానం వచ్చినప్పుడు, 2020 జూన్‌లో నిబంధనలను సవరిస్తూ, బదిలీ ప్రయాణ భత్యాన్నీ, ప్రయాణ కాలపు దైనందిన భత్యాన్నీ, విధి నిర్వహణలో తిరగడానికి ఇచ్చే భత్యాన్నీ ఆ విధానం ఎంచుకున్నవారికి కూడా నిలిపి ఉంచారు. కాబట్టి మీరు ఏ విధానంలో ఉన్నారన్నది ఈ ఒక్క విషయంలో అడ్డు కాదు.

మీ లెక్కకు వస్తే, ప్యాకర్ల 74,000, ప్రయాణపు 18,000 కలిసి 92,000 రూపాయలు నిబంధన మాటల్లో చక్కగా ఇముడుతాయి. బ్రోకరు రుసుము, బడి రుసుము ఇమడవు. ఊరు మారకపోతే ఆ రెండు ఖర్చులూ వచ్చేవి కావని మీరు వాదించవచ్చు, మనిషిగా నేను ఆ వాదనను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ నిబంధన బదిలీ వల్ల కలిగిన ప్రతి ఖర్చు గురించీ మాట్లాడటం లేదు, ప్రయాణం గురించి, సామాన్లు కట్టించడం గురించి, తరలించడం గురించి మాత్రమే మాట్లాడుతోంది. కొత్త ఇంటి అడ్వాన్సు, గ్యాసు కనెక్షను మార్పు, కర్టెన్లు, వాహనానికి కొత్త రాష్ట్రంలో కట్టే జీవితకాల పన్ను, ఇవన్నీ కూడా బయటే ఉంటాయి. అందువల్ల 1,20,000లో 92,000 మినహాయింపు, మిగిలిన 28,000 జీతంలో భాగం. మీ ఆదాయం 16 నుంచి 20 లక్షల మధ్య శ్రేణిలో పడుతుంది కనుక, 20 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్ కలిపితే, 92,000 మీద మీకు ఆదా అయ్యే పన్ను 19,136 రూపాయలు. వదులుకోదగిన మొత్తం కాదు.

సంస్థ మొత్తం మీదా పన్ను కోయడానికి కారణం నేను ఊహించగలను. సాధారణంగా ఈ సొమ్మును మూడు రకాలుగా ఇస్తారు. సంస్థే ప్యాకర్లను కుదిర్చి వారికి నేరుగా చెల్లించడం ఒకటి. మీరు ఖర్చు పెట్టి, బిల్లులు ఇచ్చి, తిరిగి తీసుకోవడం రెండవది. బిల్లులతో నిమిత్తం లేకుండా ఒక గుండుగుత్త మొత్తాన్ని జీతంలో వేయడం మూడవది. మొదటి రెండింటిలో కాగితాలు సంస్థ చేతిలోనే ఉంటాయి కనుక పన్ను కోత ప్రశ్న సాధారణంగా రాదు. మూడవదానిలో ఎంత నిజంగా ఖర్చయిందో సంస్థకు తెలియదు కనుక, తమ మీద బాధ్యత పడకుండా మొత్తం మీదా కోస్తారు. కోత పడినంత మాత్రాన మినహాయింపు పోయినట్టు కాదు, దాన్ని రుజువు చేసే భారం మీ వైపుకు జరిగిందని మాత్రమే అర్థం. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజునే మానవ వనరుల విభాగానికి రాసి, గుండుగుత్తకు బదులు బిల్లుల మీద చెల్లింపు అడగవచ్చు. చాలా సంస్థలు అందుకు ఒప్పుకుంటాయి. ఇప్పుడు మీకు ఆ అవకాశం దాటిపోయింది గాని, ఇది చదివే మరొకరికి ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

మీకు మిగిలిన మార్గాలు రెండు. ఆర్థిక సంవత్సరపు చివరి జీతం లెక్క ముగిసేలోపు, అంటే మార్చి జీతం తయారయ్యేలోపు, బిల్లుల నకళ్లు జతచేసి, 2బీబీ నిబంధనను పేర్కొంటూ, 92,000 రూపాయలను మినహాయింపు కింద చూపి మిగతా నెలల టీడీఎస్ సరిచేయమని జీతాల విభాగానికి లిఖితపూర్వకంగా అడగండి. నా అనుభవంలో మర్యాదగా, నిబంధన సంఖ్యతో సహా రాసిన ఉత్తరాలకు మంచి ఫలితమే వచ్చింది. అలా జరిగితే ఫారం 16లోనే, అంటే జీతం, పన్ను కోత వివరాలతో సంస్థ ఇచ్చే ధ్రువపత్రంలోనే, మినహాయింపు కనిపిస్తుంది, తరువాత ఎవరికీ ఏ సందేహమూ రాదు. వారు ఒప్పుకోకపోతే రిటర్నులో మీరే చూపవచ్చు. జీతం భాగంలో స్థూల జీతాన్ని ఫారం 16లో ఉన్నట్టే పూర్తిగా చూపి, సెక్షన్ 10 కింద మినహాయింపు ఉన్న భత్యాల వరుసలో 10(14) మొదటి ఉపవిభాగాన్ని ఎంచుకుని 92,000 రాయాలి. స్థూల జీతాన్నే తగ్గించి రాయడం తప్పు, అలా చేస్తే సంస్థ పంపిన వివరాలతో పొంతన కుదరదు. ఫారం 16లో లేని మినహాయింపును రిటర్నులో చూపినప్పుడు వివరణ కోరుతూ సందేశం వచ్చే అవకాశం ఉంది. కాగితాలు సరిగా ఉంటే దానికి భయపడనవసరం లేదు.

ఆ కాగితాల గురించి కొంచెం వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఈ వ్యవహారంలో మనుషులు నష్టపోయేది చట్టం తెలియక కాదు, రసీదు లేక. చాలా ఏళ్ల క్రితం నన్ను విశాఖపట్నం నుంచి చెన్నైకి బదిలీ చేసినప్పుడు, తక్కువ ధర చెప్పాడని ఒక చిన్న ఏజెంటుకు సామాన్లు అప్పగించాను. దించిన తరువాత అతను చేతిరాతతో ఒక చీటీ ఇచ్చాడు. దాని మీద సంస్థ పేరు లేదు, లారీ నంబరు లేదు, తేదీ కూడా తప్పు. డబ్బు నగదుగా ఇచ్చాను. మా కార్యాలయం ఆ చీటీని ఒప్పుకోలేదు, ఆ మొత్తం మీద పన్ను కట్టాను. ధరలో మిగిలించుకున్నదానికంటే కట్టిన పన్నే ఎక్కువైంది. ఆనాటి నుంచి ఎవరు అడిగినా ముందుగా చెప్పేది ఒకటే. బదిలీ ఉత్తర్వు నకలు, జీఎస్టీ నంబరుతో కూడిన బిల్లు, ఎక్కడి నుంచి ఎక్కడికో, వాహనం నంబరు ఏమిటో చూపే లారీ రసీదు, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో చెల్లించినట్టు ఆధారం, ఈ నాలుగూ ఒకే తేదీల కథ చెప్పాలి. బిల్లు మీ పేరున ఉండాలి. ప్రయాణపు టికెట్ల మీది తేదీలు కొత్త చోట చేరిన తేదీకి దగ్గరగా ఉండాలి. కుటుంబం పిల్లల పరీక్షలయ్యాక నాలుగైదు నెలలకు వచ్చినా అది బదిలీ ప్రయాణమే అవుతుంది గాని, ఆలస్యానికి కారణం చూపగలగాలి.

ప్యాకర్ల విషయంలోనే మరొక సంగతి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఎలక్ట్రానిక్ పత్రం) కోసమని అదనంగా డబ్బు అడిగేవారున్నారు, సామాన్లు సరిహద్దులో ఆగిపోతాయని భయపెట్టేవారూ ఉన్నారు. వాడిన గృహోపకరణాలకు, సొంత సామాన్లకు ఈ-వే బిల్లు అక్కర లేదని కేంద్ర జీఎస్టీ నిబంధనల్లోని 138వ నిబంధన అనుబంధంలోనే ఉంది. ఆ పేరుతో కట్టవద్దు.

బిల్లులో లేని సొమ్మును ఉన్నట్టు రాయించి ఇస్తామనేవారు కూడా ఎదురవుతారు. 74,000 బిల్లును 1,20,000గా రాయిస్తే మొత్తం మినహాయింపు వస్తుంది కదా అన్న ఆలోచన మీకు రాలేదని నేను నమ్ముతున్నాను, అయినా చెప్పడం నా బాధ్యత. ఆదాయాన్ని తప్పుడు వివరాలతో తగ్గించి చూపినట్టు తేలితే, 270ఏ సెక్షన్ కింద ఎగవేసిన పన్నుకు 200 శాతం జరిమానా పడుతుంది. మీ విషయంలో అదనంగా 28,000 చూపించుకుంటే ఆదా అయ్యే పన్ను ఆరు వేల లోపు, జరిమానా దానికి రెట్టింపు, పైగా అసలు, వడ్డీ. ప్యాకర్ల జీఎస్టీ రిటర్నులు, మీ బ్యాంకు ఖాతా ఎదురెదురుగా పెట్టి చూస్తే అబద్ధం బయటపడటం ఎంతో సేపటి పని కాదు.

పుణె చేరాక మొదటి 12 రోజులు సంస్థ ఖర్చుతో హోటల్లో ఉన్నామని, అది కూడా జీతంలో కలుస్తుందా అని మీరు చివర్లో అడిగారు. కలవదు. ఒక చోటు నుంచి మరొక చోటుకు బదిలీ అయినప్పుడు, మొత్తం మీద 15 రోజులు మించకుండా హోటల్ వసతి ఇస్తే దానికి విలువ కట్టి జీతంలో కలపనవసరం లేదని ఆదాయపు పన్ను నిబంధనల్లోని 3వ నిబంధన చెబుతుంది. పదిహేను దాటితే మాత్రం విలువ కడతారు. సంస్థ ఇల్లు ఉన్నవారికి ఇంకొక వెసులుబాటు ఉంది. పాత ఊరిలో ఇచ్చిన ఇంటిని ఖాళీ చేయకముందే కొత్త ఊరిలో మరొకటి ఇస్తే, 90 రోజుల వరకు ఆ రెండింటిలో తక్కువ విలువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటారు, ఆ తరువాత రెండూ కలుస్తాయి.

హైదరాబాద్‌లోని మీ సొంత ఫ్లాటును అద్దెకిచ్చి వచ్చారని రాశారు. అక్కడ అద్దెదారును కుదిర్చిన బ్రోకరుకు ఇచ్చిన రుసుమును కూడా తగ్గించుకోలేరు. ఇంటి ఆదాయంలో చట్టం ఇచ్చేది మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం, రుణం మీది వడ్డీ, అంతే. ఆ 30 శాతంలోనే అన్ని చిల్లర ఖర్చులూ కలిసిపోయినట్టు.

ఇక్కడ ‘బదిలీ’ అన్న మాట ఎంత ముఖ్యమో చెప్పాలి. మీరు అదే సంస్థలో ఉంటూ ఊరు మారారు, కనుక చిక్కు లేదు. ఒక సంస్థ వదిలి మరొక ఊరిలో మరొక సంస్థలో చేరినవారికి కొత్త యజమాని ఇచ్చే తరలింపు సొమ్ము ఈ నిబంధన కిందికి వస్తుందా అన్నది వాదోపవాదాలకు తావున్న విషయం. అది బదిలీ కాదు, కొత్త నియామకం అన్నది నా అభిప్రాయం, అలాంటివారిని మినహాయింపు చూపమని నేను ప్రోత్సహించను. చదువు ముగించి విజయవాడ నుంచో వరంగల్ నుంచో బెంగళూరులో మొదటి ఉద్యోగానికి వెళ్లే పిల్లలకు ఇచ్చే చేరిక సొమ్ము కూడా అంతే. దానికి తోడు, ఏడాదిలోపు మానేస్తే ఆ సొమ్ము తిరిగి కట్టాలన్న షరతు నియామక పత్రంలో ఉంటుంది. పన్ను పోగా చేతికి వచ్చింది ఒకటైతే తిరిగి అడిగేది పూర్తి మొత్తం అవుతుంది, అందుచేత సంతకం చేసేముందే ఆ వాక్యాన్ని చదువుకోవాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ తలనొప్పి చాలావరకు లేదు. ఏడవ వేతన సంఘం సిఫారసుల తరువాత 2017లో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం, 20 కిలోమీటర్లకు మించిన బదిలీకి చివరి నెల మూలవేతనంలో 80 శాతం మిశ్రమ బదిలీ గ్రాంటు ఇస్తారు, సామాన్ల బరువుకు, కిలోమీటరు ధరకు వేతన స్థాయిని బట్టి పరిమితులు ఉన్నాయి. స్వంత కోరిక మీద పొందిన బదిలీకి మాత్రం ఆ భత్యం రాదు.

వ్యాపారులు, స్వయం ఉపాధిలో ఉన్నవారు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు. సొంత కాపురం మార్చుకున్న ఖర్చు వ్యక్తిగతం, వ్యాపార ఖర్చులను తగ్గించుకోనిచ్చే 37వ సెక్షన్ దానికి చోటివ్వదు. కార్యాలయపు బల్లలు, దస్త్రాలు ఒక అద్దె గది నుంచి మరొక అద్దె గదికి మార్చిన ఖర్చు వేరు, అది వ్యాపార ఖర్చే. కానీ కర్మాగారాన్నే మెరుగైన చోటుకు తరలిస్తే ఆ ఖర్చు మూలధన స్వభావం గలదని, అంటే ఆ ఏడాది లాభంలోంచి తీసివేయదగినది కాదని, సీతల్‌పూర్ షుగర్ వర్క్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1963లోనే తీర్పు ఇచ్చింది.

మీరు ఎక్కడో 50 మైళ్ల దూరం, 39 వారాల పని అన్న షరతులు చదివి మీకు వర్తిస్తాయా అని అడిగారు. అవి అమెరికా చట్టంలోనివి, మనకు సంబంధం లేదు. ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా అవే వస్తాయి కనుక చాలామంది తికమకపడుతున్నారు. అక్కడ నిజంగానే సొంత ఖర్చుకు తగ్గింపు ఉండేది. 2018 నుంచి దాన్ని నిలిపివేశారు, 2025 జూలైలో వచ్చిన చట్టం ఆ నిలిపివేతను శాశ్వతం చేసింది. ఇప్పుడు ఫెడరల్ పన్నులో అది సైనిక దళాలలో ఉండి ఉత్తర్వు మీద మారేవారికి, నిఘా సంస్థల ఉద్యోగులకు మాత్రమే మిగిలింది. న్యూజెర్సీ నుంచి డాలస్‌కు మారే మన తెలుగు ఇంజనీర్లకు యజమాని ఇచ్చే తరలింపు సొమ్ము అక్కడ జీతంలో కలిసి పూర్తిగా పన్ను పడుతుంది. ఈ ఒక్క విషయంలో మన చట్టమే ఉద్యోగికి అనుకూలంగా ఉంది.

పైన చెప్పిన సెక్షన్ సంఖ్యలన్నీ 1961 చట్టానివి. మీ బదిలీ 2025-26 ఆర్థిక సంవత్సరంలో జరిగింది కనుక మీకు ఆ చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కనుక, ఆ తేదీ తరువాత బదిలీ అయినవారు ఈ సంఖ్యలను యథాతథంగా ఉత్తరాల్లో రాయకుండా కొత్త చట్టంలోని సంఖ్యలు చూసుకోవాలి.

రిటర్ను వేసి, రీఫండు వచ్చాక కూడా బిల్లులు పారేయకండి. సాధారణ కేసుల్లో మదింపు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తరువాతి ఏడాది) ముగిసిన మూడు సంవత్సరాల మూడు నెలల వరకు లెక్క తిరగదోడే అధికారం శాఖకు ఉంది, అంటే మీ విషయంలో 2030 జూన్ నెలాఖరు దాకా. ప్యాకర్ల బిల్లు, లారీ రసీదు చాలాసార్లు పల్చటి కాగితం మీద ముద్రించి ఇస్తారు, ఏడాది తిరిగేసరికి అక్షరాలు చెరిగిపోతాయి. ఈ వారంలోనే వాటికి ఫొటోకాపీ తీయించి, స్కాన్ చేసిన ప్రతిని బదిలీ ఉత్తర్వుతో కలిపి ఒక చోట భద్రపరచుకుని, ఆ తరువాత జీతాల విభాగానికి ఉత్తరం రాయండి.